సరిపోయే వించ్ ఎందుకు లాగలేదు? సెమిలిగూడ షెడ్డు నుంచి ఒక కేసు

ఆ బొలెరో క్యాంపర్ పికప్ మా షెడ్డుకు ఇంకో బండి వెనక తాడు కట్టుకుని వచ్చింది. దాని ముందు వించ్ ఉంది, అంటే బ్యాటరీ మోటారుతో డ్రమ్ము మీదికి రోప్ చుట్టుకుంటూ దిగబడిన బండిని బయటికి లాగే యంత్రం. ఆ వించ్ హుక్కు, రోప్ బయటికొచ్చే రోలర్ల మధ్యలోకి దూసుకుపోయి వంకర తిరిగి ఉంది. బ్యాటరీ ప్లస్ క్లాంప్ ఊడదీసి గుడ్డలో చుట్టి పక్కకు పెట్టారు. బానెట్ ఎత్తగానే కాలిన ప్లాస్టిక్ వాసన. ఓనరు బండి దిగకుండానే అన్న మొదటి మాట ఇది: "ఇది చిన్నదైపోయింది మిస్త్రీ. పన్నెండు వేల పౌండ్లు లాగేది తెప్పించి వేసెయ్."

వించ్ చిన్నది కాదని తేల్చడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో చూసినవి, తర్వాత రెండు వానాకాలాల్లో అదే బండి మీద నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. ఒడిశాలోని మా కొరాపుట్ జిల్లాలో ఇప్పుడు జీపులకే కాదు, సరుకు తోలే బండ్లకూ వించ్ పెట్టించుకుంటున్నారు. వచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఒక్కటే, ఎన్ని పౌండ్లది వేయించాలని. ఆ ప్రశ్న తప్పు కాదు. కానీ దాని దగ్గరే ఆగిపోతే ఏమవుతుందో ఈ బండి చెబుతుంది.

నేను పని నేర్చుకున్నది సాలూరు లారీ షెడ్లలో. ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి దాటి వచ్చి 26వ నంబరు జాతీయ రహదారి పక్కన షెడ్డు వేసుకున్నాను. ఓనరు కూడా తెలుగాయనే. వాళ్ల తాతగారి కాలంలో బొబ్బిలి వైపు నుంచి వచ్చిన కుటుంబం. మాకు చుట్టరికం లేదు గానీ నేను ఆయన్ని మావయ్యా అంటాను, ఆయన నన్ను అల్లుడూ అంటారు. కోపం వస్తేనే మిస్త్రీ అంటారు. వానాకాలంలో కూరగాయలు, చలికాలంలో అల్లం, కాఫీ కొనడం ఆయన వ్యాపారం. బండి రోజూ తారు రోడ్డు దిగి పొట్టంగి, నందపూర్ లోపలి ఊళ్లకు వెళ్లాలి. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి కొండ, 1,672 మీటర్లది, ఈ చుట్టుపక్కలే ఉంది. ఏడాదికి 1,500 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడుతుంది. ఎర్రమట్టి దారి ఎండాకాలంలో రాయిలా ఉండి, జూలైలో సబ్బులా మారిపోతుంది.

జరిగింది ఇది. జూలైలో ఒక ఝోలా అంచున బండి దిగబడింది. ఇక్కడ వాగు లోయలో మెట్లు మెట్లుగా ఉండే వరి మళ్లను ఝోలా అంటారు. అడుగున ఎప్పుడూ నీరు ఊరుతూనే ఉంటుంది. వెనక 900 కిలోల దాకా సరుకు ఉంది. ముందు చక్రాలు హబ్బు దాటి మునిగాయి. ఐదు మీటర్ల దూరంలో గట్టు మీద పనస చెట్టు ఉంటే, డ్రైవర్ వైర్ రోప్‌ను చెట్టు చుట్టూ తిప్పి, హుక్కును అదే రోప్‌కు తగిలించాడు. డీజిల్ ఎందుకు దండగని ఇంజిన్ ఆపేసి స్విచ్ నొక్కాడు. మూడు నాలుగు నిమిషాలు వదలకుండా నొక్కినా డ్రమ్ము రెండు చుట్లు తిరిగి మూలుగుతూ ఆగిపోయింది. చివరికి ఊళ్లో వాళ్లు పది మంది దుంగలు వేసి, తాళ్లతో లాగి బండిని గట్టెక్కించారు.

అసలు ప్రమాదం తర్వాత వచ్చింది. ఖాళీ రోప్‌ను చుడుతున్నప్పుడు స్విచ్ వదిలేసినా వించ్ ఆగలేదు. హెల్పర్ కుర్రాడు రోప్ పట్టుకుని నడిపిస్తున్నాడు. అతని చేతికీ రోలర్‌కూ మధ్య జానెడు దూరం ఉండగా చెయ్యి వదిలేశాడు. హుక్కు రోలర్లలోకి దూసుకుపోయింది. డ్రైవర్ బ్యాటరీ క్లాంప్ పీకేస్తేనే మోటారు ఆగింది. ఆ కుర్రాడికి పదిహేడో పద్దెనిమిదో ఏళ్లు ఉంటాయి. అతని వేళ్లు అతనికి మిగిలాయి కాబట్టే ఈ కేసును ఇంత నిదానంగా రాయగలుగుతున్నాను.

డ్రమ్ము మీద ఉన్న చుట్ల లెక్క

మొదట బండిని అదే బరువు సరుకుతో కాటాకు పంపాను. 2,700 కిలోలు వచ్చింది. వించ్ మీద రాసి ఉన్నది 9,500 పౌండ్లు, అంటే 4,309 కిలోలు. బండి మొత్తం బరువుకు ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. 2,700కి ఒకటిన్నర రెట్లంటే 4,050. కాబట్టి మావయ్య కొన్నది సరైన సైజే. బరువును ఖాళీ బండికి కాకుండా సరుకుతో సహా లెక్కేసుకోవాలి. ఆయన తెలియకుండానే అది సరిగ్గా చేశారు.

మరి ఎందుకు లాగలేదు? వించ్ మీద రాసే అంకె డ్రమ్ము మీద మొట్టమొదటి పొర రోప్ మాత్రమే ఉన్నప్పటిది. పొర మీద పొర చుట్టుకున్న కొద్దీ డ్రమ్ము లావవుతుంది. మోటారు తిప్పే బలం అంతే ఉంటుంది, లాగే బలం తగ్గుతుంది. చేత్తో తిప్పి నీళ్లు తోడే బావి దుంగకు తాడు చుట్టలు చుట్టలుగా పేరుకుంటే తిప్పడం కష్టమైనట్టే ఇదీ.

ఈ వించ్ డ్రమ్ము వ్యాసం 63 మి.మీ., రోప్ 9 మి.మీ. మొదటి పొరలో రోప్ మధ్యగీత దగ్గర కొలిస్తే వ్యాసం 72, రెండో పొరకు 90, మూడో దానికి 108, నాలుగో దానికి 126. 72ని వీటితో భాగిస్తే రెండో పొరలో నూటికి 80, మూడో పొరలో 67, నాలుగో పొరలో 57 వంతులే మిగులుతుంది. చుట్లు ఒకదాని సందులో ఒకటి కూర్చుంటాయి కాబట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, కానీ లెక్క దాదాపు ఇంతే. మొత్తం రోప్ 26 మీటర్లు. మొదటి పొరలో 5 మీటర్లు పడుతుంది, రెండో దానిలో ఆరున్నర, మూడో దానిలో దాదాపు 8. మిగిలిన ఆరున్నర మీటర్లు నాలుగో పొర. చెట్టు ఐదు మీటర్ల దూరంలో ఉంది కాబట్టి ఆ రోజు డ్రమ్ము మీద నాలుగు పొరలూ ఉన్నాయి. 4,309లో నూటికి 57 అంటే 2,460 కిలోలు. ఆయన డబ్బు పెట్టి కొన్న దానిలో సగం కంటే కాస్త ఎక్కువ.

ఇక కావాల్సింది ఎంత? సైన్యాల్లో దిగబడిన వాహనాలు తీసేవాళ్లకు ఒక లెక్క ఉంది. చక్రం లోతు బురదకు బండి బరువంత లాగుడు కావాలి. మడ్‌గార్డు దాకా దిగితే రెండింతలు, క్యాబిన్ దాకా మునిగితే మూడింతలు. ఇక్కడ తక్కువలో తక్కువ వేసుకున్నా 2,700. గట్టు ఎక్కాలి కాబట్టి పది డిగ్రీల వాలుకు ఇంకో 470. మొత్తం 3,170 కిలోలు. చేతిలో ఉన్నది 2,460.

ఈ లెక్క కాగితం మీద వేసి మావయ్యకు చూపించాను. ఆయన వెంటనే, "అందుకే గదా పన్నెండు వేలది అంటున్నాను" అన్నారు. డ్రమ్ము సైజు ఇంతే అనుకుంటే, 12,000 పౌండ్ల వించ్ కూడా నాలుగో పొరలో లాగేది 3,100 కిలోలే. ఆ రోజు ఆ చోట అదీ ఆగిపోయేది. బరువు పెరిగేది, కరెంటు ఇంకా తినేది, బండి మాత్రం అక్కడే ఉండేది.

అదే చెట్టు దగ్గర ఒక కప్పీ ఉండి ఉంటే కథ మారేది. స్నాచ్ బ్లాక్ అని అమ్మేది ఈ కప్పీనే. రోప్ చెట్టు దగ్గరి కప్పీలోంచి తిరిగి వచ్చి బండి ఛాసిస్ హుక్కుకు తగులుతుంది. లాగుడు రెట్టింపు అవుతుంది, వేగం సగమవుతుంది. దీనితో ఇంకో లాభం ఉంది, దాన్ని చాలామంది చూడరు. ఐదు మీటర్ల దూరానికి పది మీటర్ల రోప్ బయటికొస్తుంది. అంటే నాలుగో పొర మొత్తం విడిపోయి మూడో పొర పని చేస్తుంది. 2,870కి రెట్టింపు, అందులో రాపిడికి నూటికి పది తీసేస్తే 5,170 కిలోలు. అదే వించ్, అదే చెట్టు, అదే బురద.

కానీ అప్పుడు చెట్టు మీద రెండు వరసల లాగుడూ కలిసి పడుతుంది, ఐదున్నర టన్నుల పైన. అందుకే చెట్టు దగ్గర 6.5 టన్నుల పని భారం ముద్ర ఉన్న షాకిల్, అంటే కప్పీని తగిలించే పిన్ను ఉన్న ఇనప కడియం, వాడమంటాను. బండి వైపు 4.75 టన్నులది చాలు. ముద్ర లేని షాకిల్‌ను నా షెడ్డులోంచి బయటికి పోనివ్వను.

కాలిన వాసన ఎక్కడిది

స్విచ్ నొక్కితే మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ డబ్బా విప్పితే లోపల రాగి కాంటాక్టులు ఒకదానికొకటి కరిగి అతుక్కుపోయి ఉన్నాయి. స్విచ్ వదిలినా వించ్ ఆగకపోవడానికి కారణం అదే. అయితే అవి ఊరికే అతుక్కోవు. వేరే కాంటాక్టర్ తాత్కాలికంగా పెట్టి, రోప్‌ను లోడు లారీకి కట్టి, లాగిస్తూ కొలిచాను. క్లాంప్ మీటర్‌లో 350 ఆంపియర్లు. బ్యాటరీ పోస్టుల దగ్గర 10.9 వోల్టులు, వించ్ టెర్మినళ్ల దగ్గర 8.7. మధ్యలో 2.2 వోల్టులు కేబుళ్లు తినేస్తున్నాయి. 350 ఆంపియర్ల దగ్గర అంటే 770 వాట్ల వేడి, ఒక చిన్న హీటరు బానెట్ కింద వెలుగుతున్నట్టు.

కేబుల్ చూడటానికి వేలంత లావుంది. కోసి చూస్తే రబ్బరే లావు. లోపలి తీగ మీద రాగి రంగు ఉంది, బ్లేడుతో గీరితే తెల్లగా అల్యూమినియం బయటపడింది. కేబుల్ కొసలకు తొడిగిన లగ్గులు సుత్తితో కొట్టి నొక్కినవి. నెగటివ్ వైరు బ్యాటరీకి వెళ్లకుండా పెయింటు గీరని ఛాసిస్‌కు బిగించి ఉంది. వోల్టేజి ఇంతలా పడిపోతే కాంటాక్టర్ కాయిల్ గట్టిగా పట్టుకోలేదు. కాంటాక్టులు వణుకుతాయి, నిప్పురవ్వలు లేస్తాయి, చివరికి అతుక్కుంటాయి. పైగా ఆ రోజు ఇంజిన్ ఆపేశారు. అన్ని ఆంపియర్లలో ఆల్టర్నేటర్ ఇచ్చేది నాలుగో వంతు కూడా ఉండదు, నిజమే. ఆ కాస్త కూడా లేకపోతే బ్యాటరీ నిమిషానికి దాదాపు 6 ఆంపియర్ అవర్లు ఒక్కటే మోయాలి.

బాగుచేసిన పని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వెల్డింగ్‌కు వాడే 50 చదరపు మి.మీ. అసలు రాగి కేబుల్, సాలూరులో హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కించిన లగ్గులు, నెగటివ్ నేరుగా బ్యాటరీకి. డ్రైవర్ కూర్చున్న చోటి నుంచే తిప్పి వించ్‌కు కరెంటు మొత్తం ఆపేయగలిగేలా ఒక ఐసొలేటర్. మళ్లీ కొలిస్తే కేబుళ్లలో పోయేది 0.6 వోల్టులు మాత్రమే. ఐసొలేటర్ గురించి మాత్రం ఒక మాట. వించ్‌తో పాటు అది రాదు, ఎవరూ అడగరు. ఇక నుంచి అది లేకుండా నేను వించ్ బిగించను. ఆ కుర్రాడి చెయ్యి నాకు గుర్తుకొస్తూనే ఉంటుంది.

కొత్తది ఏది తీసుకున్నాం

పాత మోటారు వైండింగ్ నల్లబడిపోయింది, కాబట్టి వించ్ మార్చక తప్పలేదు. అది పర్మనెంట్ మాగ్నెట్ మోటారు. ధర తక్కువ, చిన్న లాగుళ్లకు కరెంటు తక్కువ తింటుంది, కానీ పొడుగు లాగుళ్లలో త్వరగా వేడెక్కుతుంది. సరుకు బండి కాబట్టి అయస్కాంతాల బదులు తీగచుట్టలుండే సిరీస్ వౌండ్ మోటారుదే తీసుకోమన్నాను. సైజు మళ్లీ 9,500 పౌండ్లే. నీటి రక్షణ ఐపీ67 ఉన్నది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు రాకూడదు. వాగులు దాటే బండికి అది అవసరం.

ఎక్కువ సేపు వాదించుకున్నది రోప్ గురించి. మావయ్యకు ఇనప రోప్ మీదే నమ్మకం. "ప్లాస్టిక్ తాడుతో బండి లాగుతారా అల్లుడూ" అన్నారు. ఆయన అనుమానంలో కొంత నిజం ఉంది. సింథటిక్ రోప్‌కు ఎండ పడదు, వేడి అసలే పడదు, 150 డిగ్రీల లోపే కరిగిపోతుంది. మన ఎర్రమట్టిలోని ఇసుక దాని పోగుల మధ్య చేరి లోపల్నుంచి కోస్తుంది. రాళ్ల అంచుల మీద ఈడిస్తే తెగుతుంది. ఇనప రోప్ వీటన్నిటికీ తట్టుకుంటుంది. అయినా నేను సింథటిక్ వైపే మొగ్గాను. రోప్ పట్టుకునేది గ్లోవ్స్ వేసుకోని కుర్రాళ్లు. ఇనప రోప్‌లో తెగిన పోగులు అరచేతుల్ని చీలుస్తాయి. లోడులో తెగితే కొరడాలా తిరిగొచ్చి మనిషిని చంపేస్తుంది. సింథటిక్ తెగితే ఆ విసురు చాలా తక్కువ. ముందు చక్రాల మీద దాదాపు పది కిలోల బరువు తగ్గుతుంది. మెలి తిప్పి తనకే తగిలించిన ఆ పాత ఇనప రోప్ ఎలాగూ వంకర్లు పోయి పనికిరాకుండా ఉంది.

దీనితో పాటు ఇంకో నిర్ణయం తప్పనిసరైంది. చాలా వించుల్లో బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. లోడుతో రోప్ వదులుతూ బండిని వాలులో దింపితే ఆ బ్రేకు కాలి, దాని చుట్టూ ఉన్న సింథటిక్ రోప్ మొదటి పొర మెత్తబడుతుంది. కాబట్టి బ్రేకు డ్రమ్ముకు బయట ఉన్న మోడల్ కోసం వెతికాం. పది రోజులు ఆలస్యమైంది.

బిగింపు సంగతి. కంపెనీ బంపర్ వట్టి రేకు, దానికి వించ్ బిగించకూడదు. ఛాసిస్ రెండు కమ్మీలకూ కలిపి 6 మి.మీ. ప్లేటు వేసి, 8.8 గ్రేడు బోల్టులతో బంపర్ వెనకే దాచాను. పెద్ద ఇనప బంపర్ పెట్టమని మావయ్య అడిగారు, నేను ఒప్పుకోలేదు. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఇలాంటి ఇనప బంపర్ల (బుల్‌బార్ల) మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. అవి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం, జరిమానా పడుతుంది. అదీగాక సంత రోజుల్లో ఈ బండి జనం మధ్యలోంచి వెళ్తుంది.

కేబుళ్లు, ఐసొలేటర్, కప్పీ, చెట్టు బెల్టు, షాకిళ్లు అన్నీ కలిపి వించ్ ధరలో పావు వంతుకు కాస్త పైన అయ్యాయి. ఆ పావు వంతు మిగుల్చుకున్నందుకే మొదటి వించ్ పోయింది.

నేను చేసిన తప్పు, తర్వాతి సంరక్షణ

కొత్త వించ్‌తో వచ్చిన అల్యూమినియం ఫెయిర్‌లీడ్ (రోలర్ల బదులు రోప్ బయటికొచ్చే నున్నటి కంత) పాత ప్లేటు రంధ్రాలకు కుదరలేదు. సరిచేసే తీరిక లేక, వంగిన రోలర్లను సాపు చేసి వాటినే బిగించి పంపాను. మూడు వారాల తర్వాత బండి వస్తే రోప్ మొదటి రెండు మీటర్లలో దూదిలా నూగు లేచింది. పాత ఇనప రోప్ ఆ రోలర్ల మీద గాట్లు పెట్టింది, ఆ గాట్లు కొత్త రోప్‌ను కోశాయి. వేలితో తడిమితే తెలిసేదే, నేను తడమలేదు. ఆ రెండు మీటర్లు కోసేసి, చివర మళ్లీ అల్లి, ఆ రోజే ప్లేటుకు కొత్త రంధ్రాలు వేసి అల్యూమినియం ఫెయిర్‌లీడ్ బిగించాను. రోప్ రకం మారిస్తే ఫెయిర్‌లీడ్ కూడా మారాలి. దీనికి మినహాయింపు లేదు.

అప్పటి నుంచి పాటిస్తున్న పద్ధతి ఇది. బురదలో వాడిన ప్రతిసారీ రోప్ మొత్తం బయటికి లాగి, బకెట్ నీళ్లలో చేత్తో పిసికి కడగాలి. ప్రెషర్ వాషర్ కొట్టకూడదు, ఇసుక ఇంకా లోపలికి పోతుంది. నీడలో ఆరబెట్టాలి. మళ్లీ చుట్టేటప్పుడు వదులుగా చుట్టకూడదు. షెడ్డు ముందున్న చిన్న వాలులో బండిని న్యూట్రల్‌లో పెట్టి, రోప్ కొస చెట్టుకు కట్టి, బండి తన బరువును తానే పైకి లాక్కునేలా చుట్టిస్తాం. వదులుగా చుట్టిన పొరల్లోకి లోడు పడినప్పుడు పై చుట్టు కిందికి దిగి ఇరుక్కుంటుంది, ఆ తర్వాత విడిపించడం నరకం. డ్రమ్ము మీద కనీసం పది చుట్లు మిగలాలి. ఆ చోట రోప్ మీద ఎర్ర రంగు పూశాను, రంగు కనిపిస్తే ఆపాలని డ్రైవర్‌కు చెప్పడం సులువైంది.

లాగేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, రేసు కాస్త పెంచి. నిమిషం లాగి ఆపాలి, మోటారు మీద చెయ్యి పెట్టి చూడాలి, చెయ్యి నిలవకపోతే బీడీ కాల్చేంత సేపు ఆగాలి. రోప్ మీద తడి గోనెసంచి వేయాలి. చెట్టుకు బెల్టు లేకుండా రోప్ కట్టకూడదు. అది రోప్ కోసం ఎంతో, చెట్టు కోసమూ అంతే. ఆ పనస చెట్టు బెరడు చుట్టూ కోసుకుపోయింది, దాని రైతు మావయ్యకు ఆ ఏడాది అల్లం అమ్మలేదు.

వాడని నెలల్లోనే వించ్ ఎక్కువ పాడవుతుంది. జనవరి నుంచి మే దాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. లోపల చేరిన తేమ కాంటాక్టులకు పచ్చ పట్టిస్తుంది, డ్రమ్మును వదులు చేసే క్లచ్ లివర్ బిగుసుకుపోతుంది. అందుకే నెలకోసారి పది మీటర్లు వదిలి లోడుతో చుట్టమంటాను. టెర్మినళ్లకు వాజలీన్, రిమోట్ సాకెట్‌కు మూత. మొదటి వానాకాలం అయ్యాక గేర్‌బాక్స్ విప్పాను. గ్రీజు ఒక పక్క పాలలా తెల్లబడింది, అంటే నీరు వెళ్లింది. ఆయిల్ సీల్ మార్చి, కడిగి, లిథియం గ్రీజు పళ్లకు పలచగా పూశాను. బ్రేకు దరిదాపుల్లోకి గ్రీజు పోనివ్వలేదు. రెండో వానాకాలం తర్వాత విప్పితే గ్రీజు వేసినట్టే ఉంది.

ఈ రెండు వానాకాలాల్లో బండి పదకొండుసార్లు వించ్ వాడింది. డ్రైవర్ డైరీలో రాయమన్నాను, అతను తేదీ, చెట్టు దూరం, కప్పీ వాడాడా లేదా ఒడియాలో రాస్తున్నాడు. పదకొండింట్లో తొమ్మిదిసార్లు కప్పీ వాడాడు. ఒక్కసారీ మోటారు ఆగిపోలేదు. కిందటి సెప్టెంబరులో అదే ఝోలా దగ్గర ఇంకెవరిదో ట్రాక్టర్ ట్రాలీని లాగాడట. ఆ సంగతి విని నేను కోప్పడ్డాను, ఎందుకంటే దాని బరువు ఎంతో అతనికి తెలియదు. రోప్ కొస దగ్గర ఎండకు రంగు వెలిసి కాస్త గట్టిపడింది, వచ్చే వానల్లోపు మార్చాలి. మావయ్యకు చెప్పాను. అల్లం డబ్బులు రాగానే తెప్పిద్దాం అల్లుడూ అన్నారు. ఈసారి ఎన్ని పౌండ్లది అని అడగలేదు, ఎన్ని మీటర్లది అని అడిగారు.